మాట వినని తొడ

పిండికట్టు కోసేసిన రోజు నా ఎడమకాలు చూసి మా అమ్మాయి అన్న మొదటి మాట, "నాన్నా, ఇది నీ కాలేనా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆరు వారాల క్రితం మెట్ల మీద జారి పడితే మోకాలి చిప్ప చిట్లింది. ముక్కలు పక్కకు జరగలేదు, ఆపరేషన్ అక్కర్లేదు అని తొడ పైభాగం నుంచి చీలమండ దాకా కట్టు వేసి పంపారు. ఇప్పుడా కట్టులోంచి బయటపడ్డ కాలు పాలిపోయి, చర్మం పొట్టు రేగి ఉంది. మోకాలు మాత్రం గుండ్రంగా పెద్దగా కనబడుతోంది. నిజానికి మోకాలు వాచింది కొంచెమే. దాని పైన నిండుగా ఉండాల్సిన తొడ తగ్గిపోయింది.

ఇంటికొచ్చాక అమ్మాయి టేపు తెచ్చింది. చిప్ప పై అంచు నుంచి 10 సెంటీమీటర్లు పైకి పెన్నుతో గీత పెట్టి రెండు తొడలూ కొలిచింది. కుడి తొడ 47 సెంటీమీటర్లు, ఎడమది 43.5. ఆ అంకెలు ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, బీరువా తలుపుకి అంటించింది. కొలత తగ్గినందుకు నేను పెద్దగా బాధపడలేదు. వాడని కండ తగ్గుతుందని ఎవరికి తెలియదు? నన్ను భయపెట్టింది మర్నాడు జరిగిన సంగతి.

ఫిజియోథెరపీ చేసే మేడమ్ నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలి కింద చుట్టిన టవల్ ఒకటి పెట్టారు. "మోకాలితో ఈ టవల్‌ని మంచంలోకి అదమండి. ముందు కుడికాలితో చేయండి" అన్నారు. కుడికాలితో చేశాను. చిప్పకి కొంచెం పైన, తొడ లోపలి వైపు, కన్నీటి బొట్టు ఆకారంలో ఒక కండ బిగుసుకుని పైకి తేలింది. ఆవిడ దాని మీద రెండు వేళ్ళు ఆనించి, "ఇదిగో, ఇది గట్టిపడాలి. ఇప్పుడు ఎడమకాలితో చేయండి" అన్నారు.

అదిమాను. అదిమాననే అనుకున్నాను. కాలి వేళ్ళు ముడుచుకున్నాయి, పొట్ట బిగుసుకుంది, పళ్ళు గిట్టకరుచుకున్నాయి, ఊపిరి ఆగిపోయింది. తొడ మాత్రం మెత్తగా అలాగే ఉంది. ఆవిడ వేళ్ళ కింద ఏమీ కదల్లేదు. మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ అంతే. కాలు పైకి ఎత్తమన్నారు. మంచానికి మేకులు కొట్టినట్టు ఉండిపోయింది. నొప్పి వల్ల కాదు, నొప్పి అంతగా లేదు. ఎత్తాలన్న ఉద్దేశం నాలో పుడుతోంది, ఎక్కడో దారిలోనే ఇంకిపోతోంది. నరమేదో తెగిపోయి ఉంటుందనుకుని నాకు విపరీతమైన టెన్షన్ పట్టుకుంది.

ఆవిడ కంగారు పడలేదు. తొడ మీద రెండు చోట్ల జిగురు ప్యాడ్లు అంటించి, చిన్న మిషన్ ఆన్ చేసి, నెమ్మదిగా కరెంటు పెంచారు. మొదట చీమలు పాకినట్టు అనిపించింది. తర్వాత, నా ప్రమేయం ఏమీ లేకుండా, నా తొడ దానంతటదే బిగుసుకుంది. మోకాలి చిప్ప నా కళ్ళ ముందే కాస్త పైకి జరిగింది. కొన్ని సెకన్లు అలా ఉండి వదిలేసింది. మళ్ళీ బిగుసుకుంది. "చూశారా? నరం బాగుంది, కండ బాగుంది. పైనుంచి మాట సరిగ్గా రావట్లేదు, అంతే" అన్నారు.

ఆ ఒక్క వాక్యం కోసం ఆ తర్వాత చాలా రాత్రులు కూర్చుని చదివాను. ఈ పోస్టు రాయడానికి కారణం కూడా అదే.

ఆ మిషన్ నా తొడకు చేసినదాన్ని చచ్చిన కప్ప కాళ్ళతో చూసి ప్రపంచానికి చాటినవాడు ఇటలీలో బొలోన్యా నగరానికి చెందిన లుయీజీ గాల్వానీ. నరానికి విద్యుత్తు తగిలితే తెగిన కాలు కూడా ఎగిరిపడుతుందని గమనించి 1791లో ప్రచురించాడు. అంతకు ముందు వందల ఏళ్ళ పాటు పండితుల నమ్మకం వేరేగా ఉండేది. మెదడు నుంచి నరాల గొట్టాల గుండా ప్రాణశక్తిని మోసే గాలి లాంటిదేదో వచ్చి కండలో నిండుతుందని, అందుకే కండ ఉబ్బుతుందని అనుకునేవారు. చేయి మడిచి జబ్బ చూసుకుంటే అలా అనిపించడం సహజమే. పదిహేడో శతాబ్దంలో యాన్ స్వామర్‌డామ్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు కప్ప కండరాన్ని గాజు గొట్టంలో పెట్టి, సన్నటి కొసలో ఒక నీటిచుక్క నిలిపి, నరాన్ని కదిలించి చూశాడు. కండరం ఉబ్బి చోటు ఎక్కువ తీసుకుంటే నీటిచుక్క పైకి జరగాలి. జరగలేదు. అంటే కండలోకి కొత్తగా ఏదీ వచ్చి చేరడం లేదు. పొడవు తగ్గి లావు పెరుగుతోంది, అంతే. ఒక్క నీటిచుక్కతో అంత పాత నమ్మకాన్ని తేల్చేసిన ఆ ప్రయోగం గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరి నా తొడకు మాట ఎందుకు రావట్లేదు? మోకాల్లో నీరు చేరింది కాబట్టి. కీలు వాచినప్పుడు అందులోని స్పర్శ నరాలు వెన్నుపాముకు ఎడతెగకుండా కబురు పంపుతాయి. వెన్నుపాము ఆ కబురు విని, తొడ ముందుభాగాన్ని నడిపే నరకణాల నోరు నొక్కేస్తుంది. దెబ్బ తగిలిన కీలును కాపాడుకోవడానికి శరీరం వేసుకున్న బ్రేకు అనుకోవచ్చు. మన ఇష్టంతో దాన్ని తీయలేం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మోకాల్లోకి ఉప్పునీరు ఎక్కించి చూసిన ప్రయోగాల్లో 20, 30 మిల్లీలీటర్లకే ఆ లోపలి వైపు కండ మందగించింది. ఒకటిన్నర, రెండు పెద్ద చెంచాల నీరు! నేను బద్ధకించలేదని, ప్రయత్నంలో లోపం లేదని తెలిశాక మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను. ఇలా కట్టు విప్పాక కాలు మాట వినక భయపడుతున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ పేరా మళ్ళీ ఒకసారి చదవండి.

ఇంట్లో మాత్రం అందరూ నరం అనే మాటే పట్టుకున్నారు. మన భాషలో కండరం పడే కష్టమంతా నరం ఖాతాలోకే పోతుంది. పిక్క పట్టేస్తే నరం పట్టేసింది అంటాం. మెడ తిరగకపోతే నరం మీద నరం ఎక్కింది అంటాం. చేతి మీద నీలంగా తేలే రక్తనాళాలు నరాలే, మడమ వెనక తాడులా తగిలే, కండను ఎముకకు కలిపే టెండనూ నరమే. నిజమైన నరం మామూలుగా ఇలా పైకి కనబడదు. దాని పని లాగడం కాదు, కబురు మోయడం.

ఆ కబురు కండకు చేరాక జరిగేది చూద్దాం. తొడ కండను అడ్డంగా కోస్తే పోగుల కట్టలు కనిపిస్తాయి. ఒక్కో కట్టలో ఒక్కో పోగూ ఒక్కో కణం. వెంట్రుక మందమో అంతకన్నా తక్కువో ఉంటుంది కానీ పొడవు సెంటీమీటర్లలో ఉంటుంది, లోపల వందల కొద్దీ కేంద్రకాలు ఉంటాయి. కణం అంటే కంటికి కనబడని చుక్క అనుకునే నాకు, జానెడు పొడవున్న కణాలు నా ఒంట్లోనే ఉన్నాయని తెలియడం పెద్ద ఆశ్చర్యం. నరం కొస నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పోగు మీద పడుతుంది. పోగు పొర వెంట విద్యుత్ తరంగం పరుగెత్తుతుంది. లోపలి సంచుల్లో దాచి ఉన్న కాల్షియం ఒక్కసారిగా బయటకు వస్తుంది. ఆ కాల్షియమే అసలైన తాళంచెవి.

పోగు లోపల ఆ చివర నుంచి ఈ చివర దాకా సార్కోమియర్ అనే గదులు వరసగా ఉంటాయి. ఒక్కో గది పొడవు సుమారు రెండున్నర మైక్రోమీటర్లు. ప్రతి గదిలో రెండు రకాల దారాలు, లావుపాటి మయోసిన్, సన్నటి యాక్టిన్, రెండు దువ్వెనల పళ్ళు ఒకదానిలో ఒకటి దూర్చినట్టు అమరి ఉంటాయి. కండ బిగిసినప్పుడు ఈ దారాలు ముడుచుకోవు. ఒకదాని పక్క నుంచి ఒకటి లోపలికి జారతాయి, గది కురచవుతుంది. ఈ సంగతి తేలింది 1954లో. ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గర్కే ఒక జట్టు. హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ ఇంకో జట్టు. రెండు జట్లూ విడివిడిగా పనిచేసి, 'నేచర్' పత్రిక ఒకే సంచికలో ఒకే మాట చెప్పాయి. ఇద్దరు హక్స్‌లీలకూ చుట్టరికం లేదు.

దారాలను జరిపేది మయోసిన్ తలలు. దీన్ని మా అమ్మాయికి చెప్పడానికి నాకు బావిలో నీళ్ళు తోడటమే గుర్తొచ్చింది. ఒక చేయి తాడు పట్టుకుని లాగుతుంది, ఆ పట్టు ఉండగానే రెండో చేయి పైకి వెళ్ళి కొత్తగా పట్టుకుంటుంది, అప్పుడు మొదటి చేయి వదులుతుంది. మయోసిన్ తల కూడా యాక్టిన్‌ని పట్టి, వంగి, లాగి, వదిలి, మళ్ళీ ముందుకు పోయి పట్టుకుంటుంది. ఒక్కో లాగుడుకు జరిగేది 5 నుంచి 10 నానోమీటర్లు. ఒక తల వదిలినప్పుడు మిగతావి పట్టుకుని ఉంటాయి కాబట్టి తాడు జారిపోదు. కాల్షియం ఉన్నంతసేపూ ఈ తోడుడు సాగుతుంది. కాల్షియం సంచుల్లోకి తిరిగి వెళ్ళిపోగానే ఆగుతుంది.

ఇందులో నన్ను కదిలించిన విషయం ఒకటుంది. మయోసిన్ తల యాక్టిన్‌ని వదలాలంటే కణానికి ఇంధనం లాంటి ఏటీపీ అణువు కొత్తగా వచ్చి దానికి అంటుకోవాలి. అంటే శక్తి లేనిదే పట్టు వదలదు. ప్రాణం పోయిన కొన్ని గంటలకు శరీరం కట్టెలా బిగుసుకుపోయేది ఇందుకే. ఏటీపీ తయారీ ఆగిపోతుంది, పట్టుకున్న తలలు పట్టుకున్నట్టే ఉండిపోతాయి. తాతయ్య పోయిన రోజు ఆయన చేతిని సరిచేయబోతే వేళ్ళు విచ్చుకోలేదు. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఆయన నా చేయి వదలడం లేదని అనుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత ఆ పట్టు వెనక ఉన్న సంగతి తెలిసింది. తెలిసినా ఆ జ్ఞాపకం చిన్నబోలేదు.

మళ్ళీ మోకాలి దగ్గరకి వస్తాను. నానోమీటర్ల లాగుడు కాలిని ఎలా ఎత్తుతుంది? ఒక సాయంత్రం కాగితం మీద లెక్క వేశాను. 10 సెంటీమీటర్ల పోగులో రెండున్నర మైక్రోమీటర్ల గదులు 40,000 పడతాయి. ఒక్కో గది అర మైక్రోమీటరు కురచైతే మొత్తం పోగు 2 సెంటీమీటర్లు కురచవుతుంది. తొడ ముందు కండరాలు నాలుగూ కలిసి ఒకే టెండన్‌గా మారి, చిప్పను పట్టుకుని, దాని కింద నుంచి కాలి ఎముకకు అతుక్కుంటాయి. ఆ అతుకు మోకాలి ఇరుసుకి సుమారు 4 సెంటీమీటర్ల దూరంలో లాగుతుంది. ఇరుసు నుంచి చీలమండ 40 సెంటీమీటర్లు. కాబట్టి తొడలో 2 సెంటీమీటర్ల లాగుడు పాదం దగ్గర 20 సెంటీమీటర్ల కదలిక అవుతుంది. ఒకటికి పదింతలు!

కానీ ఊరికే ఏదీ రాదు. దూరం పదింతలు దక్కిందంటే బలం పదింతలు పెట్టాలి. చీలమండకు 2 కిలోల బరువు కడితే, దాని కోసమే తొడ 20 కిలోల బలంతో లాగాలి. కాలి సొంత బరువు వేరే. మన శరీరంలో చాలా కండరాలు ఇలాగే, తామే నష్టపోయే చోట ఎముకను పట్టుకుని లాగుతాయి. పదిహేడో శతాబ్దంలో జొవాన్నీ బొరెల్లి అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు ఈ మీటల లెక్కలు మొదట వేసి, మనం ఎత్తే బరువు కన్నా కండరం పెట్టే బలం ఎన్నో రెట్లు ఎక్కువని చూపించాడు. బదులుగా మనకు దక్కేది వేగం, విస్తారమైన కదలిక. నా చిప్ప చేసే పని కూడా అప్పుడే అర్థమైంది. టెండన్‌ని ఇరుసు నుంచి దూరంగా ఎత్తి పట్టి, ఆ 4 సెంటీమీటర్లు 4 సెంటీమీటర్లుగా నిలబెట్టేది అదే.

కండరానికి లాగడం ఒక్కటే వచ్చు, నెట్టడం రాదు. తలుపు నెట్టినా, నేలను తన్ని ఎగిరినా, లోపల జరిగేది లాగుడే. అందుకే ప్రతి కీలుకూ ఎదురెదురుగా కండరాలు ఉంటాయి. తొడ ముందువి కాలు చాపుతాయి, వెనకవి మడుస్తాయి. వేళ్ళ సంగతి ఇంకా వింత. వేళ్ళను మడిచే కండలేవీ వేళ్ళలో లేవు. ముంజేతిని రెండో చేత్తో పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే ఆడించి చూడండి. కదిలేది అక్కడ, మోచేతికి దగ్గరగా. అక్కడి నుంచి మణికట్టు మీదుగా పొడవాటి టెండన్లు వేళ్ళను ఆడిస్తాయి.

ఇవన్నీ మన మాట కోసం చూసే కండరాలు. మాట కోసం చూడనివీ ఉన్నాయి. గుండె కండరం తన లయ తానే నడుపుకుంటూ రోజుకు దాదాపు లక్ష సార్లు ముడుచుకుంటుంది. పేగుల్లో, రక్తనాళాల గోడల్లో ఉండే నునుపు కండరాలు నెమ్మదిగా, అలుపు లేకుండా పనిచేస్తాయి. కట్టుతో పడి ఉన్న ఆరు వారాలూ అవి తమ పని తాము చేసుకుపోయాయి. మంచం మీద అసలు పని మానేసింది నా తొడ ఒక్కటే.

మిషన్ సాయంతో మొదటి వారం గడిచింది. కరెంటు వచ్చిన క్షణంలోనే నేనూ అదమాలి, అది షరతు. వాపు తగ్గడానికి ఐసు పెట్టుకునేవాణ్ణి. తొమ్మిదో రోజున ప్యాడ్లు లేకుండా ప్రయత్నించినప్పుడు వేళ్ళ కింద సన్నగా ఒక వణుకు. చిప్ప మీద గీత పెట్టి చూస్తే తప్ప తెలియనంత. నేను చేసిన వణుకు అది! మేడమ్ ఏమీ అనలేదు, ఇంకోసారి అన్నట్టు తల ఊపారు.

అక్కడి నుంచి రోజూ కొత్త పోగులు పనిలోకి దిగుతున్నట్టే అనిపించేది. నిజంగా జరిగేదీ దాదాపు అదే. ఒక నరకణం, అది నడిపే పోగులు కలిపి ఒక జట్టు. కంటిని తిప్పే కండరంలో ఒక్కో జట్టుకు పదో ఇరవయ్యో పోగులు. తొడ లాంటి పెద్ద కండరంలో వెయ్యికి పైగా ఉండొచ్చు. చిన్న పనికి చిన్న జట్లు చాలు. భారం పెరిగేకొద్దీ పెద్ద జట్లను పిలుస్తారు. వ్యాయామం మొదలుపెట్టిన తొలి వారాల్లో బలం పెరిగేది ముఖ్యంగా ఈ పిలుపు మెరుగుపడటం వల్లే. కండ లావెక్కడం ఆ తర్వాతి సంగతి. మా బీరువా మీది కాగితమే సాక్ష్యం. మూడో వారానికి కాలు నిటారుగా ఎత్తి పది లెక్కపెట్టగలిగాను. ఆ వారం కొలత 43.9.

మెట్లు ఎక్కడం కన్నా దిగడం కష్టమని ఆరో వారంలో తెలిసింది. మెట్టు దిగేటప్పుడు పై మెట్టు మీది కాలి తొడ ఒళ్ళంతటి బరువునూ మోస్తూ, లాగుతూనే సాగాలి. బిగబట్టిన తాడును కొంచెం కొంచెంగా వదలడం లాంటిది. కుర్చీలో మెల్లగా కూర్చోవడమూ అదే. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను అని పెద్దవాళ్ళు అనే మాటలో రెండో సగం ఎంత నిజమో అప్పుడు తెలిసింది. అలవాటు లేని కండను ఇలా సాగదీస్తూ వాడితే లోపలి గదులు అక్కడక్కడా సన్నగా దెబ్బతింటాయి. నొప్పి అదే రోజు రాదు, మర్నాడో ఎల్లుండో వస్తుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయి నొప్పి అని చాలామంది అంటారు కానీ, ఆ ఆమ్లం గంటా రెండు గంటల్లోనే రక్తంలో కలిసిపోతుంది. మొదటిసారి ఒక అంతస్తు దిగిన రెండో రోజు నా తొడ ముట్టుకోనివ్వలేదు. ఆ నొప్పి నాకు నచ్చింది. పనిచేసిన కండకే ఆ నొప్పి వస్తుంది.

నిన్నటికి కట్టు విప్పి పన్నెండు వారాలు. అమ్మాయి టేపు తెచ్చి కొలిచింది. 45.5. కాగితం మీద రాస్తూ, "ఇంకా ఒకటిన్నర తక్కువ నాన్నా" అంది. నేను మంచం మీద కాలు చాపి, మోకాలి కింద టవల్ పెట్టుకుని, అదిమాను. చిప్ప పైకి జరిగింది. తను వచ్చి చిప్ప పైన, లోపలి వైపు, రెండు వేళ్ళు ఆనించి కాసేపు అలాగే ఉంచింది.

"రాయిలా ఉంది" అంది.